ఈ రంగు గీకనివ్వను

లాలాగూడ, సికింద్రాబాద్
9 జూన్ 2024

గౌరవనీయులైన ప్రిసిల్లా పెద్దమ్మ గారికి,

మీ తమ్ముడి కోడలు బ్యూలా వందనాలు చెప్పి రాస్తున్నది. మీకు ఫోనులో మాట వినబడదు కాబట్టి ఉత్తరం రాయమని మీ మేనల్లుడు కాలేబు గారు చెప్పారు. పెళ్లయి మూడేళ్లయినా మీకు ఒక్క ముక్క రాయలేదు. నేను చదివింది ఏడో తరగతి. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పిన టీచరు గారికి రాయాలంటే భయం వేసింది. తప్పులుంటే మనసులోనే దిద్దుకోండి.

విషయం తాతగారి కారు. మన ఇంటి ముందు షెడ్డులో ఉండే మోరిస్ మైనర్. కాలేబు గారు ఇంజను బాగు చేయించారు, ఇప్పుడు నడుస్తోంది. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు పాత కార్లు అద్దెకు అడుగుతున్నారట, పాత కార్ల ప్రదర్శనకు కూడా పంపవచ్చట. ముందు రంగు సంగతి చూడాలని పోయిన ఆదివారం బన్సీలాల్‌పేట నుంచి విజయేందర్ అనే ఆయనను పిలిపించారు. పాత కార్లకు రంగులు వేయడం ఆయన పని.

ఆయన కారు చుట్టూ తిరిగి, అరచేత్తో రాసి చూసి నవ్వారు. "ఇది కంపెనీ రంగు కాదన్నా, బ్రష్షుతోని ఏసిన్రు, గోడకు సున్నం కొట్టినట్టు" అన్నారు. కంపెనీ వేసిన మొదటి రంగు ఉంటే, అది ఎంత వెలిసిపోయినా తెలిసినవాళ్లు ముట్టుకోరట, దానికే విలువట. ఇది అది కాదు కాబట్టి రేకు కనబడేదాకా గీకేసి, కంపెనీ రంగునే మళ్లీ స్ప్రే కొట్టాలట.

మామయ్య అక్కడే ఉన్నారు. ఎవరు వచ్చినా "మా నాన్నది రైల్వే వర్క్‌షాపుల బోగీలకు రంగులేసిన చేయి, డెబ్బై నాలుగుల ఈ కారుకు సుత ఆయనే ఏసిండు" అని చెప్పుకునే మనిషి ఆ రోజు లోపలికి వెళ్లిపోయారు. సాయంత్రం మాత్రం, నవ్వించుకునే కంటే గీకేయడమే నయం అన్నారు.

కారు ఇంటికి వచ్చినప్పుడు ఏ రంగులో ఉండేదో కాలేబు గారు కనుక్కోమన్నారు. మామయ్యకు అప్పటికి ఎనిమిదేళ్లు, గుర్తు లేదట. మీకు పదహారట.

అడగమన్నది ఇంతే. ప్రతి శనివారం ఆ కారు కడిగేది నేనే. ఆ మెరూన్ రంగు, దాని మీద సన్నటి పసుపు గీత నాకు ఇష్టం. నన్ను ఎవరూ అడగలేదు, ఊరికే చెబుతున్నాను.

మీ బ్యూలా


నరసాపురం
18 జూన్ 2024

బ్యూలాకు దీవెనలు.

కారు మన ఇంటికి వచ్చినప్పుడు పాచి ఆకుపచ్చ రంగులో ఉండేది. రోచ్ దొర అని వర్క్‌షాపు ఫోర్‌మన్, ఆస్ట్రేలియా వెళ్లిపోతూ నాన్నగారికి ఇచ్చి వెళ్లాడు. అప్పటికే అక్కడక్కడా రేకు కనిపించేది.

వాళ్లకు నచ్చిన రంగు వేసుకోమను. అది రేకు డబ్బా, దేవుని మందిరం కాదు. నన్ను ఇందులోకి లాగవద్దని కాలేబుకు చెప్పు. ఇకమీదట రాస్తే నీ సంగతులు రాయి. ఏడో తరగతి దగ్గర ఎందుకు ఆగావు? అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. ఇలాంటి చేతిరాతను ఆపినవాళ్లెవరో తెలిస్తే బెత్తం పంపుతాను.

ప్రిసిల్లా

కారు కడిగేటప్పుడు సబ్బు పొడి వాడకు. పాత నూలుచీర ముక్క, మంచినీళ్లు చాలు. గీత మీద అడ్డంగా రుద్దవద్దు, పొడవునా తుడువు.


లాలాగూడ
7 జూలై 2024

పెద్దమ్మ గారికి నమస్కారం.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. బెత్తం పంపాల్సింది మా నాన్నకు. జనగామ దగ్గర మా ఊళ్లో ఏడు దాకే బడి ఉండేది, పక్క ఊరికి ఆడపిల్లను పంపనన్నాడు. నేను అడగలేదు. అడగడం నాకు చేతకాదు, అందరూ అంటారు.

కారు ఊసు ఎత్తవద్దన్నారు. కానీ కింద సబ్బు పొడి వద్దని, గీత పొడవునా తుడవమని రాశారు. వదిలేసుకున్న వస్తువుకు ఇన్ని జాగ్రత్తలు ఎవరూ చెప్పరు పెద్దమ్మా.

ఒకటి చెబుతాను. కుడివైపు ముందు మడ్‌గార్డు మీద, లైటు కింద, రంగులో ఒక వెంట్రుక ఉంది. పైన వార్నిష్ ఉంది కాబట్టి గోరుకు అందదు. విజయేందర్ గారు దాన్ని చూపించే ఎక్కువ నవ్వారు, బ్రష్షు వెంట్రుక ఊడి అంటుకుందన్నారు. బ్రష్షు వెంట్రుక రెండు మూడు అంగుళాలకు మించదు. ఇది మూరెడు ఉంది, మెలి తిరిగి ఉంది. నిన్న నా తల వెంట్రుక ఒకటి తీసి పక్కన పెట్టి చూశాను. బోగీలకు రంగు వేసే తాతగారి తల మీద మూరెడు వెంట్రుకలు ఉండవు కదా.

ఆగస్టు పన్నెండు, సోమవారం, కారును తీసుకుపోవడానికి వ్యాను వస్తుంది. తెల్ల రంగు నిర్ణయమైంది. పాచి రంగు ఎవరికీ నచ్చలేదు. కంపెనీ రంగే కొట్టాలన్న మాట ఎటు పోయిందో నాకు తెలియదు. అన్నం వడ్డిస్తూ నేను వద్దన్నాను. కాలేబు గారు నవ్వి, "ఏందీ, నువ్వు సుత చెప్తవా?" అన్నారు. ఎగతాళిగా కాదు, చిన్నపిల్ల మాటకు నవ్వినట్టు. ఆయన చెడ్డవారైతే పోట్లాడటం తేలికయ్యేది.

ఆ వెంట్రుక ఎవరిది పెద్దమ్మా? అడగడం చేతకాదన్నాను, ఇప్పుడు అడుగుతున్నాను.

బ్యూలా


నరసాపురం
20 జూలై 2024

బ్యూలా,

అది మా అమ్మది. కాంతమణి అనే పేరు ఆ ఇంట్లో ఫొటో కింద తప్ప నువ్వు విని ఉండవు.

ఆ రోజుల్లో బోగీల రంగుల్లో సీసం ఉండేది. పద్దెనిమిదేళ్లు వాటిలో మునిగిన నాన్నగారి కుడిచేయి డెబ్బై నాలుగు మార్చిలో మణికట్టు దగ్గర వాలిపోయింది. గిన్నె మీద పెడితే ఉండేది, ఎత్తితే వేలాడేది. వర్క్‌షాపులో తెలిస్తే పెయింటర్ పని తీసేసి ఊడ్చే పనిలో వేస్తారు, ఉంటున్న క్వార్టరు మారాలి. ఆయనకు వాటికంటే పెద్ద భయం, గీత వేసే చేయి పోయిందని పదిమంది అనుకోవడం. రోచ్ దొర స్థానంలో వచ్చిన ఫోర్‌మన్‌కు అప్పటికే అనుమానం.

మే నెలలో నాన్నగారు సెలవు పెట్టి, కారుకు సొంతంగా రంగు వేస్తున్నానని కాలనీ అంతా చెప్పారు. తమ్ముణ్ణి ఇక్కడికి, మా అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. షెడ్డుకు గోనెపట్టాలు కట్టారు. నాన్నగారు స్టూలు మీద కూర్చుని చెప్పేవారు, అమ్మ వేసేది. అప్పటిదాకా అమ్మ బ్రష్షు పట్టింది లేదు. నేను పూతకూ పూతకూ మధ్య నీళ్లు చల్లి రాయితో నునుపు చేసేదాన్ని. ఏడు పూతలు. గీత రెండుసార్లు చెడింది. రెండుసార్లూ టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసింది. మూడోసారి నాన్నగారిని మాట్లాడవద్దంది. బానెట్ దగ్గర మొదలుపెట్టి డిక్కీ దాకా బ్రష్షు ఎత్తకుండా వెళ్లింది. నాన్నగారు ఏడ్చారు. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు.

జూన్‌లో ఆ కొత్త ఫోర్‌మన్ వచ్చి చూశాడు. వంగి గీత చూసి, ఇంత చక్కని గీత వేసిన చేతికి జబ్బేమిటి, ఎవడు చెప్పాడు అన్నాడు. నాన్నగారి పని నిలబడింది. తోటి పెయింటర్లు ఆయన వంతు కూడా తామే చేసి కాపాడారు. రంగులకు దూరంగా ఉన్నాక ఎనిమిది నెలలకు చేయి కొంత లేచింది.

ఆ డిసెంబరులో క్రిస్మస్ ఆరాధన అయ్యాక పాస్టరు గారు అందరి ముందూ నాన్నగారి పనితనాన్ని పొగిడారు. పదహారేళ్లదాన్ని, ఊరుకోలేకపోయాను. లేచి, వేసింది మా అమ్మ అన్నాను. అందరూ అమ్మ వైపు తిరిగారు. అమ్మ లేచి నిలబడి, "అది అబద్ధం చెబుతోంది. బ్రష్షు ఎటు పట్టుకోవాలో నాకు తెలియదు" అంది. సంఘమంతా నవ్వింది. పెళ్లయి ఈ ఊరు వచ్చేదాకా నేను ఆ చర్చిలో అబద్ధాలకోరునే. పుట్టింటికి వచ్చినా ఆ షెడ్డు వైపు చూసేదాన్ని కాదు. నీ పెళ్లిలో కూడా చూడలేదు.

అడిగావు కాబట్టి చెప్పాను. అమ్మ తన ఇష్టంతో దాచుకుంది, దాన్ని విప్పే హక్కు నాకు లేదు, నీకు అసలే లేదు. చదివి చించెయ్యి. తమ్ముడికి చెప్పకు. కారును పోనీ.

ప్రిసిల్లా


లాలాగూడ
14 ఆగస్టు 2024

పెద్దమ్మా,

చించలేదు. చెప్పేశాను.

మీరు వద్దన్నారు. ఇరవై రోజులు మీ మాట మీదే ఉన్నాను. కానీ నానమ్మ ఎందుకు దాచారో మీరే రాశారు, తాతగారి పని పోకూడదని. తాతగారు పోయి ఇరవై ఏళ్లయింది. ఇంకా ఎవరి పనిని కాపాడుతున్నాం? ఇప్పుడు నోరు మూసుకుంటే పోయేది ఆమె పనే. గీకితే ఒక్క పూటలో పోతుంది.

సోమవారం పొద్దున వ్యాను వచ్చింది. విజయేందర్ గారు, ఆయన మనుషులు ఇద్దరు. గొలుసు తగిలించబోతుంటే నేను వెళ్లి కారు ముందు నిలబడ్డాను. రెండు చేతులా బానెట్ పట్టుకున్నాను. "ఈ రంగు గీకనివ్వ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. కాలేబు గారు బయటివాళ్ల ముందు పరేషాన్ చేయకు, లోపలికి పొమ్మన్నారు. పోలేదు. వేసింది తాతగారు కాదు, కాంతమణి నానమ్మ అని చెప్పాను. చేయి వాలిపోవడం, గోనెపట్టాలు, ఫోర్‌మన్, అన్నీ చెప్పాను. మూడేళ్లలో ఆ ఇంట్లో నేను మాట్లాడిన మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు.

మామయ్య ముఖం ఎర్రబడింది. "సచ్చిపోయిన మా నాయనను నలుగురిల అబద్ధాలకోరును చేస్తున్నవా?" అన్నారు.

"లేదు మామయ్యా. మీ అమ్మ పని మీ అమ్మకియ్యమంటున్న."

"మా అక్క అప్పుడు సుత గిదే కథ చెప్పింది. చర్చిల అమ్మనే కాదన్నది. నేనున్న ఆడ."

తాళం చెవి కారుకే ఉంది, తీసి కొంగున ముడి వేసుకున్నాను. విజయేందర్ గారు గీత దగ్గర కూర్చుని చాలాసేపు చూశారు. ఎవరు వేసినా కొనేవాళ్లకు లెక్క లేదమ్మా, బ్రష్షు పని బ్రష్షు పనే అన్నారు. ఆ మాట నిజమే కావచ్చు. అయినా ఇంట్లో మాట తెగాక పిలవండని వ్యాను ఖాళీగా తీసుకుపోయారు.

మూడు రోజులుగా మామయ్య తన మంచినీళ్లు తనే ముంచుకుంటున్నారు. కాలేబు గారు తన కంచం తనే పెట్టుకుని తింటారు. పరువు తీశానట. నేను క్షమాపణ అడగను. మీకు కోపం వస్తే రానివ్వండి, మిమ్మల్ని కూడా అడగను.

ఒక్కటి అడుగుతాను. మామయ్యకు మీరు స్వయంగా రాయండి. రాయకపోతే ఈ ఇంట్లో నేను అబద్ధాలకోరుగా మిగులుతాను. అది ఎలా ఉంటుందో మీకు తెలుసు.

బ్యూలా

ఎడమ తలుపు కింద తుప్పు ఉందని విజయేందర్ గారు అన్న మాట మాత్రం నిజం. వానలకు ఇంకా తింటోంది.


నరసాపురం
26 ఆగస్టు 2024

బ్యూలా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. చెప్పిన మాట విననివాళ్లను క్లాసులో బయట నిలబెట్టేదాన్ని. మూడో రోజు చివరి వాక్యాలు మళ్లీ చదివాను. అమ్మ మాటకు విలువ ఇస్తున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. మళ్లీ లేచి నిలబడితే మళ్లీ నవ్వుతారని భయం. యాభై ఏళ్లు భయపడ్డాను. నువ్వు ఇరవై రోజులు భయపడ్డావు.

తమ్ముడికి రాసింది ఇదే కవరులో పెట్టాను. చదివి వినిపించకు, చేతికి ఇవ్వు.

తుప్పు సంగతి. ఇసుక కాగితంతో రేకు మెరిసేదాకా రుద్దు. తుప్పు పట్టకుండా ముందు వేసే ప్రైమర్ దొరుకుతుంది, అది ఒక పూత. తరువాత రంగు, పలచగా. చిక్కగా వేస్తే కారుతుంది. ఒక్కో పూత ఒక రోజంతా ఆరాలి. మధ్యలో నీళ్లతో నునుపు చెయ్యి. వానలు వెళ్లేదాకా మొదలుపెట్టకు. జడ గట్టిగా కట్టుకో.

ప్రిసిల్లా


యేసురాజుకు,

అక్క రాస్తున్నది. ఆ పిల్ల చెప్పింది నిజం. నేను చర్చిలో చెప్పిందీ నిజమే.

సాక్ష్యం కావాలంటావు. ఆ జూన్‌లో నరసాపురం నుంచి నిన్ను తీసుకొచ్చిన రోజు గుర్తు చేసుకో. ఎనిమిదేళ్లొచ్చినా నీకు అమ్మే తినిపించాలి. ఆ రోజు అమ్మ తినిపించలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, పెద్దవాడివయ్యావు, నీ చేత్తో తిను అంది. నువ్వు కంచం తోసేశావు. చాలా రోజులు అలాగే జరిగింది. అమ్మ గోళ్ల సందుల్లో మెరూన్ రంగు ఉంది తమ్ముడూ. ఎంత రుద్దినా పోలేదు. ఆ రంగు నీ కడుపులోకి పోతుందని, నువ్వు చూసి నలుగురిలో అనేస్తావని తినిపించలేదు.

నాన్నగారిని తక్కువ చేయడం లేదు. నేర్పింది ఆయన. వేసింది అమ్మ.

అక్క


లాలాగూడ
3 నవంబర్ 2024

పెద్దమ్మకు,

ఇంతకాలం రాయనందుకు కోప్పడకండి. చూపించడానికి ఏదైనా ఉన్నప్పుడు రాద్దామనుకున్నాను.

మీ ఉత్తరం మామయ్య చేతికే ఇచ్చాను. పట్టుకుని షెడ్డులోకి వెళ్లారు. చాలాసేపటికి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "పదకొండు రోజులు తినిపియ్యలె బ్యూలా. నా మీద కోపమొచ్చిందనుకున్న. నన్ను ఊరికి పంపి మర్చిపోయిందనుకున్న" అన్నారు. అరవైకి దగ్గర పడే మనిషి రోజులు కూడా లెక్క మర్చిపోలేదు. తరువాత ఆ వెంట్రుక చూపించమన్నారు. చూపించాను. ముట్టుకోలేదు, అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

కాలేబు గారు మాత్రం ఒప్పుకోలేదు. నానమ్మ వేసిందంటే నమ్మాను, కానీ ఫొటోలవాళ్లు తెల్లదే అడుగుతున్నారు, జ్ఞాపకాలు ఫొటో తీసి దాచుకుందాం అన్నారు. తెల్లది కావాలంటే వేరేది కొనుక్కో, ఇది మా అమ్మది అన్నారు మామయ్య. ఆ రోజు నుంచి కారు అద్దెకు పోయే మాట ఆగిపోయింది. కాలేబు గారికి ఆ కష్టం ఉంది, నాకు తెలుసు. అందుకని తాళం చెవి తిరిగి ఇచ్చాను. ఆయన తీసుకుని మేకుకు తగిలించారు. వ్యానును మాత్రం పిలవలేదు.

తలుపుకు రంగు నేనే వేస్తానన్నాను. మామయ్య మంచి పెయింటర్‌ను పిలుద్దామన్నారు. వద్దన్నాను. రంగు కోసం బన్సీలాల్‌పేట ఒక్కదాన్నే వెళ్లాను. విజయేందర్ గారు నన్ను చూసి తల గోక్కుని, "ఏమ్మా, నా గిరాకీ చెడగొట్టి నా దగ్గరికే వచ్చినవా?" అన్నారు. అయినా మూడుసార్లు కలిపి, ఆరబెట్టి చూసి, సరిపోయే మెరూన్ ఇచ్చారు. బ్రష్షు ఎలా ఉండాలో కూడా చెప్పారు. ఇంత చేసినా దాని విలువ పెరగదని మళ్లీ గుర్తు చేశారు. పెరగకపోతే పెరగలేదన్నాను.

మీరు రాసినట్టే చేశాను. మొదటి పూత కారింది. గీకేసి మళ్లీ వేశాను. నిన్న శనివారం మూడో పూత. షెడ్డులో వెలుతురు చాలక కారును గేటు బయటికి తోయించాను. కాలేబు గారు తోశారు కానీ, రోడ్డు మీద అందరూ చూస్తారని గొణిగారు. నేను కారు చాటున, ఎడమ తలుపు దగ్గర నేల మీద కూర్చుని వేస్తున్నాను. అటువైపు నుంచి చూస్తే కనబడను.

బిక్షం తాత అని, వర్క్‌షాపులో పని చేసి రిటైరైన ఆయన కర్ర పట్టుకుని వస్తూ ఆగారు. రంగు ఎవరు వేస్తున్నారని అడిగారు. కాలేబు గారు ఒక్క క్షణం ఆగి, పెయింటర్ చాయ్ తాగడానికి పోయిండు తాతా, వస్తడు అన్నారు.

ఆయన మీద నాకు కోపం రాలేదు. కానీ లేచాను. చేతిలో బ్రష్షు ఉంది, ముక్కు మీద కూడా రంగు అంటిందట. ఎదురుగా నిలబడి, తాత కళ్లలోకి చూసి చెప్పాను.

"నేనే ఏస్తున్న తాతా."

బిక్షం తాత నన్ను చూశారు, కాలేబు గారిని చూశారు. నవ్వలేదు. ఇటువైపు వచ్చి కర్ర ఆనించి, నడుము వంచి, తలుపు దగ్గర కళ్లు పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. కింద కీలు దగ్గర కర్ర కొసతో చూపించారు.

"ఈ మూల ఇడిసిపెట్టినవ్ బిడ్డా. చూస్కో."

వంగి చూశాను. నిజమే, విడిచిపెట్టాను. కూర్చుని వేశాను.

బ్యూలా